బదిలీ రాని టీచరమ్మ

మొన్న మా అమ్మాయికి తీరిక లేక, నంద్యాలలో మనవరాలి బడికి నేనే వెళ్లాను. ఒకటో తరగతి చెప్పే అమ్మాయి, నా వయసు చూసి కాబోలు, నెమ్మదిగా విడమరిచి చెప్పింది: పిల్లలను నలుగురేసి కూర్చోబెట్టి ఒకరికొకరు నేర్పుకునేలా చేస్తున్నారట, ఇది కొత్త పద్ధతట. తలూపాను గానీ, మనసు మాత్రం డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డ అవతల నేను పనిచేసిన ఒంటి గది బడికి వెళ్లిపోయింది.

ఏకోపాధ్యాయ పాఠశాల అంటే ఏమిటో మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఐదు తరగతులు, ఒక గది, ఒక నల్లబల్ల, నేను. మా ఆయనకు శ్రీశైలం డ్యాం దగ్గర సున్నిపెంటలో ఉద్యోగం. ఏడాది నిండని మా పాపను వెంట తీసుకుపోతే, ఆ ఊరి నీళ్లు పడక విరేచనాలై చిక్కిపోయింది. చివరికి మా అమ్మ నంద్యాలకు ఎత్తుకుపోయింది. ఊరికి రోజుకొకటే బస్సు. శనివారం అది రాకపోతే ఆ వారం బిడ్డ మొహం చూసే యోగం లేనట్టే. నల్లరేగడి చేల మధ్య ఆ దారినే చూస్తూ, నన్నిక్కడ పడేసి అందరూ మరిచిపోయారనుకునేదాన్ని. బదిలీకి అర్జీ మీద అర్జీ పెట్టాను.

ఆ చలికాలం, అరిచి అరిచి, గొంతు పూర్తిగా పోయింది. ఐదో తరగతిలో గొర్రెలు కాసేవాళ్ల అమ్మాయి ఒకతె ఉండేది. నా అవస్థ చూడలేక లేచి, "మీరు ఊరికే కూచోండి టీచరమ్మా, సన్నపిల్లోళ్లకు మేం జెప్తాం" అంది. చింతగింజలు కుప్పలు పోసి లెక్కలు, ఇసుకలో వేలితో అక్షరాలు, రాని వాడి పక్కన వచ్చిన వాడు. ఆరు నెలలు నేను అరిచినా రానిది పది రోజుల్లో వచ్చేసింది. గొంతు తిరిగొచ్చాక కూడా ఆ ఏర్పాటు మార్చలేదు. పిల్లల మీది ప్రేమతోనేనని చెప్పను, నాకు కాస్త ఊపిరాడేది.

అంతలో ఇన్‌స్పెక్టరుగారు చెప్పాపెట్టకుండా వచ్చారు. రెండో తరగతి వాడొకడు బెరుకు లేకుండా ఆయనకే ఎక్కాలు అప్పజెప్పాడు. ఇదే సమయమని అర్జీ చేతికిచ్చాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇంత బాగా నడుపుతాండావు. నువ్వు పోతే ఈ పిల్లోళ్ల గతి ఏందమ్మా? ఇంగా రెండేండ్లు ఈడనే ఉండు."

"టీచరమ్మ పోదంట!" అని ఆ గొర్రెల కాపరి పిల్ల చప్పట్లు కొట్టింది. నేను నల్లబల్ల వైపు తిరిగి, అప్పటికే తుడిచి ఉన్న బల్లను మళ్లీ తుడిచాను. ఆ పిల్లల మీద అంత కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

రెండేళ్లు నాలుగయ్యాయి. ఒక శనివారం నంద్యాలలో గడప తొక్కగానే, లోపలున్న మా అమ్మకు నా కూతురు కేక వేసింది: "అమ్మా, టీచరమ్మొచ్చింది!" వీధిలో అందరూ నన్నలాగే పిలిచేవారు, దాని తప్పేముంది?

ఇప్పుడా బడికి మూడు గదులున్నాయట, టీచర్లు ఆళ్లగడ్డ నుంచి స్కూటర్ల మీద వచ్చి, సాయంత్రానికి తమ పిల్లల దగ్గరికి చేరుకుంటారట. వింటే సంతోషమే, కొంచెం ఈర్ష్య కూడా. నా కూతురు ఇప్పుడు నన్ను అమ్మా అనే పిలుస్తుంది. ఎప్పుడు మొదలుపెట్టిందో మాత్రం, ఎంత ఆలోచించినా నాకు గుర్తుకు రాదు.