నిప్పుకు జోల

ఆ మధ్యాహ్నం టీ ఆయనే పెట్టాడు. కూతురికో గ్లాసు, తనకో గ్లాసు వడపోసి, స్టౌ ఆపి, వంగి సిలిండరు మీది రెగ్యులేటరు తిప్పేశాడు. తర్వాత ఎప్పటిలాగే సిలిండరు భుజం మీద అరచేత్తో మెల్లగా తట్టి, "ఇక పడుకోమ్మా" అన్నాడు.

"నాన్నా, అది ఇనుప డబ్బా. దానికి నిద్రేమిటి?" అంది కూతురు, అదీ ఎప్పటిలాగే.

"నీకు తెలీదులే. తట్టకపోతే అలుగుతుంది."

టీ తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. కాసేపు నడుం వాలుస్తానని లోపలికెళ్ళిన మనిషి మళ్ళీ లేవలేదు. నిద్రలోనే పోయారు, ఏ బాధా పడలేదు అని డాక్టరు చెప్పినప్పుడు కూతురికి ఏడుపుకన్నా ముందు గుండెల్లోంచి ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది. చిన్నప్పుడు ఆమె గోడకు ఆనుకుని దగ్గుతూ కూర్చునే నాన్నను చూస్తూ పెరిగింది. ఈయన ఏదో ఒకనాడు ఊపిరందక పోతాడని అప్పట్నుంచీ లోలోపల భయం. అలా పోలేదు. టీ తాగి, గ్లాసు బోర్లించి పోయాడు.

అద్దకం మిల్లులో ఆయన్ను అసలు పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన జోలాయన. బట్టకు రంగు పట్టాలంటే తొట్లలో నీళ్ళు మరగాలి, అవి మరగాలంటే ఆవిరి కావాలి, ఆవిరి కావాలంటే బాయిలరులో నిప్పుండాలి. ఆయన తండ్రి రోజుల్లో ఆ నిప్పు కట్టెలు తినేది. ఈయన చేరేనాటికి బొగ్గు రుచి మరిగింది. పారతో విసరడమే పని అనుకుంటారు బయటివాళ్ళు. అసలు పని సాయంత్రం మిల్లు ఆగాక మొదలవుతుంది. నిప్పు ఆర్పేస్తే మర్నాడు రాజెయ్యడానికి సగం పూట పోతుంది. వదిలేస్తే బొగ్గంతా వృథా. అందుకని కణకణలాడే నిప్పుల్ని వెనక్కి లాగి, పైన తడిపిన బొగ్గుపొడిని దుప్పటిలా కప్పి, గొలుసు లాగి పొగగొట్టంలోని ఇనుప రేకును మూసెయ్యాలి. పూర్తిగా కాదు, వేలెడంత సందు ఉంచాలి. ఆ సందు పుణ్యాన నిప్పు కొన ఊపిరితో తెల్లవార్లూ బతికే ఉంటుంది.

మిల్లులో దీన్ని జోకొట్టడం అనేవాళ్ళు. "జోకొట్టి వస్తున్నా" అనే మాట వింటూ పెరిగిన కూతురు, అది తాతల నాటి నుంచి వస్తున్న పనివాళ్ళ మాట అనుకుంది. ఆ పనిలో నాన్నను మించినవాడు లేడు కాబట్టే జోలాయన అన్న పేరొచ్చిందనీ అనుకుంది.

ఆమె పెద్ద చదువుకి వచ్చిన ఏడాది మిల్లులోకి గ్యాసు గొట్టం వచ్చింది. బొగ్గు బాయిలరును ఆపి ఉంచి, పక్కనే ఉన్న రెండో బాయిలరుకు గ్యాసు బర్నరు బిగించారు. పొగగొట్టం మాత్రం పాతదే. బొగ్గుకు కావలసినంత మంది గ్యాసుకు అక్కర్లేదు. బర్నరును వారం రోజులు నడిపి చూశాక, బాయిలరు దగ్గర ఎవరుండాలో, ఎవరు గేటు దాటాలో మేనేజరు చెబుతానన్నాడు. ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఆ తర్వాత జరిగింది ఇంట్లో ఎంతగా చెప్పుకున్నారంటే, కూతురికి తానే అక్కడ నిలబడి చూసినట్టుంటుంది.

మొదటి రోజు అంతా సవ్యంగా నడిచింది. రెండో రోజు పొద్దున మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, లోపల టిక్ టిక్ మని నిప్పురవ్వ కొట్టుకుంది, అంతే. ఎర్ర దీపం వెలిగి అన్నీ ఆగిపోయాయి. మళ్ళీ నొక్కారు. మళ్ళీ ఎర్ర దీపం. అవతల తొట్లలో బట్ట నానుతోంది. మేనేజరు వచ్చి గ్యాసు కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీరమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"ఇదేనామ్మా మీ కొత్త యంత్రం? ఇవాళ వెలగకపోతే పీకి పట్టుకుపొండి. మా బొగ్గు మాకుంది."

ఆ అమ్మాయి బర్నరు మూత విప్పి, ఒక్కో తీగా పట్టి చూస్తోంది. మొదటిసారి ఒంటరిగా పంపారట ఆమెను.

బొగ్గు మనుషులందరూ గోడ పక్కన వరసగా నిలబడ్డారు. జోలాయన పక్కన గోతాం మావయ్య. చలికీ సెగకీ కూడా భుజం మీద గోనెసంచి వేసుకుని తిరిగేవాడు కాబట్టి ఆయనకు ఆ పేరు. జోలాయన ఊరికే తలెత్తి పైకి చూసి, బిగుసుకుపోయాడు. పొగగొట్టం గొలుసు లాగేసి ఉంది. రేకు మూసి ఉంది, వేలెడంత సందుతో.

నిన్న సాయంత్రం అందరికన్నా చివర బయటికి వచ్చింది ఆయనే. వస్తూ వస్తూ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. నిప్పే లేని బాయిలరును జోకొట్టి ఇంటికెళ్ళిపోయాడు.

గోతాం మావయ్య కూడా చూశాడు. "నోరు విప్పావంటే చంపుతాను," అన్నాడు పెదవి కదపకుండా. "అది వెలక్కపోతే మనం బతుకుతాం. గమ్మునుండు."

"ఆ పిల్లను చూడరా. మన పిల్లంత ఉంది."

"మన పిల్లల్ని ఎవరు చూస్తార్రా?"

జోలాయన ముందుకొచ్చాడు.

"అమ్మా, యంత్రం తప్పు కాదు. నేను... దాన్ని జోకొట్టాను."

"ఏం చేశారు?"

వేలెత్తి గొలుసు చూపించాడు. ఆ అమ్మాయి పైకి చూసింది. గొలుసునూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. చేతిలోని పానా కింద పెట్టి, నేల మీద చతికిలబడి, పడీ పడీ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళు.

"దీనికి పొగగొట్టం మూసుంటే వెలగొద్దని మేమే నేర్పాం బాబాయ్! చక్కగా చెప్పినమాట వింటోంది. నేనే నమ్మలేదు. ఉద్యోగం పోయిందనుకున్నాను."

"నాదీ పోయిందనే అనుకుంటున్నానమ్మా."

గొలుసు వదిలారు. మీట నొక్కారు. బుస్సుమని నీలి మంట లేచింది. మేనేజరు జోలాయన వైపు గుడ్లురిమాడు. ఇంజినీరమ్మ చీర దులుపుకుని లేచి, "ఈయన్ని బర్నరు దగ్గరుంచండి సార్," అంది. "ఆ గొలుసు మాత్రం కోసేద్దాం."

సాయంత్రం తన ఉద్యోగం నిలిచిందన్న వార్త తీసుకొచ్చినప్పుడు ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. భార్య మంచినీళ్ళిచ్చి, పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా వీపు నిమిరింది. బొగ్గు మనుషుల్లో కొందరు వేరే చోట్లకు వెళ్ళిపోయారు. గోతాం మావయ్యను అద్దకంలోకి మార్చారు. ఆయన కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు గోతాం లేకుండా వచ్చి, "ఇన్నాళ్ళకు నా చేతులు రంగు మొహం చూశాయిరా" అని నీలి వేళ్ళు చూపించాడు. ఆ ఏడాదే నాన్న దగ్గు తగ్గింది. దిండు గలీబు ఉతక్కముందే తెల్లగా ఉందని అమ్మ పక్కింటావిడను పిలిచి మరీ చూపించింది.

కూతురు కరెంటు చదువు చదివి, ఎండతో కరెంటు తీసే చోట ఉద్యోగంలో చేరింది. అమ్మ పోయాక నాన్న ఆమె దగ్గరికే వచ్చేశాడు. ఒకసారి ఆయన్ను పనిచోటుకు తీసుకెళ్ళింది. వరసలు వరసలుగా పలకలు, వాటిని నీళ్ళు కొట్టి తుడిచే ఆడవాళ్ళు, ఓ చిన్న గదిలో మీటర్లు. చప్పుడు లేదు, మసి లేదు. ఆయన టోపీ సవరించుకుంటూ చాలాసేపు చూశాడు.

"సాయంత్రం దీన్ని జోకొట్టేదెవరు?"

"ఎవరూ అక్కర్లేదు నాన్నా. పొద్దు వాలితే అదే పడుకుంటుంది."

"మీ తాతకు చెబితే నమ్మడు," అన్నాడు. తర్వాత, "బుద్ధిమంతురాలు" అని దగ్గరున్న పలక అంచున మెల్లగా తట్టాడు.

నాన్న పోయిన మూడోనాడు గోతాం మావయ్య పలకరింపుకు వచ్చాడు. కర్ర పక్కన పెట్టి, పోయినవాడి కుర్చీలో కాక కింద చాప మీద కూర్చున్నాడు. ఆఖరిసారి ఏం చేశాడమ్మా అని అడిగితే, కూతురు టీ సంగతీ సిలిండరు సంగతీ చెప్పింది.

"మీ మిల్లు మాటలు ఎక్కడికీ పోలేదు మావయ్యా. ఇంట్లోనూ జోకొట్టడమే."

"మిల్లు మాటేమిటి?" అన్నాడాయన. "మేం నిప్పు కప్పడం అనేవాళ్ళం. మీ తాత కూడా అంతే."

కూతురు ఆయన ఎదురుగా చాప మీద కూర్చుంది.

"నువ్వు పుట్టిన కొత్తల్లో మీ అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు. నువ్వేమో ఒకటే ఏడుపు. రాత్రంతా నిన్ను భుజాన వేసుకుని తట్టీ తట్టీ షిఫ్టుకొచ్చేవాడు. వచ్చినా చెయ్యి ఆగేది కాదు. బొగ్గుపొడి కప్పి, పార వెనక్కి తిప్పి దాని మీదా అలాగే తట్టేవాడు. 'ఇక పడుకోమ్మా' అని. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, జోకొట్టడం అన్న మాటే పట్టుకున్నాం. తర్వాత చేరినవాళ్ళకీ అదే నేర్పాం. ఆ రోజు గొలుసు లాగింది కూడా ఆ చెయ్యేగా."

"నాకెప్పుడూ చెప్పలేదు మావయ్యా."

గోతాం మావయ్య ఆమె వైపు వింతగా చూశాడు.

"నీకు తెలుసనుకున్నాడమ్మా. నీ మాటేగా అది."