గట్టింగ్ మిషనుకు పెట్టిన బొట్లు

నాకు తెలియనిదంటూ ఏదీ లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. మదనపల్లెలో మా మేనమామ ఆటసామాన్ల అంగట్లో షటిల్ బ్యాట్లకు గట్టింగ్ వేసేవాణ్ణి, అంటే తీగలు బిగించేవాణ్ణి. రెండు చేతి మిషన్లుండేవి. పాతదానికి ఒక ఇనుప కడ్డీ, దానికో గుండు. గుండు బరువుకు కడ్డీ నిదానంగా వాలి, తీగను లాగి సమంగా నిలిచేదాకా కాచుకోవాలి (ఈలోగా టీ తాగి రావచ్చు). కొత్తదానికి పిడి తిప్పితే చాలు, కావలసినంత బిగువు రాగానే టక్కున ఆగిపోతుంది. నేను కొత్తదాని పక్షం. వచ్చినవాళ్లందరికీ రెండింటి తేడా మీద ఉపన్యాసమిచ్చేవాణ్ణి. మామ మాత్రం "యా మిషనైనా లాగిన తీగను జారకుండా పట్టేది క్లాంపులేరా అప్పా, వాటిని సూసుకో" అనేవాడు.

ఆయుధపూజకు మామ పాతదాని గుండుకు ఒక్క బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాడు. నేనేమో నా ముద్దుల మిషనుకు పిడి మొదలు క్లాంపుల పళ్ల లోపలిదాకా గంధం, కుంకుమ మెత్తాను. మర్నాడు పుంగనూరు నుంచి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. కుప్పంలో పోటీ, గెలిస్తే జిల్లా జట్టులో చోటు. కొత్త మిషను మీదే వేసిచ్చాను. "తీగల మీద ఈ ఎర్రసుక్కలు యాలన్నా?" అనింది. తెలియదనడం నా ఒంట్లో లేదు కదా, "కొత్త మోడల్ గుర్తమ్మా" అన్నాను.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది, కళ్లు ఉబ్బిపోయి. "తీగలు నవారు మంచం మాదిరి వదులైపోయినాయన్నా, మొదటి ఆటే ఓడిపోతిని." వేలితో నొక్కి చూశాక నాకు తెలిసొచ్చింది: గంధం ఎండిన క్లాంపుల్లో తీగ జారింది. నిజం చెప్పొచ్చు. కానీ మామ ఎదురుగా ఉన్నాడు. "నువ్వు బ్యాట్ పట్టుకునేదే తప్పమ్మా" అనేశాను. పాపం, నమ్మింది! ఎట్ల పట్టుకోవాలని అడిగితే చూపించాను కూడా (నేను జన్మలో షటిల్ ఆడింది లేదు). ఆమె వెళ్లాక మామ క్లాంపులో గోరుపెట్టి గీకి, ఎర్రపొడి నా అరచేతిలో రాల్చి లోపలికి పోయాడు. తిట్టుంటే బాగుండేది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ఇప్పుడు ఆ అంగడి నాది. మొన్న ఆ పుంగనూరు అమ్మాయే తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, "నాకు బ్యాట్ పట్టుకునేది నేర్పించినాయన ఈయనే పాపా" అని చెప్పింది. పాప బ్యాట్ పట్టుకున్న చెయ్యి చూశాను. నేను చూపించినట్టే, అచ్చంగా తప్పు. ఇక దాచలేకపోయాను. బొట్ల కథంతా చెప్పి, "ఆ పొద్దు నిన్ను ఓడగొట్టింది నేనేనమ్మా" అన్నాను. ఆమె పాప చేతిలోని బ్యాట్ తీసి నా ముందు పెట్టింది. "పాపకైనా సక్కగా ఎయ్యన్నా" అంది. క్లాంపులు మూడుసార్లు తుడిచాను.

"మరి బ్యాట్ ఎట్ల పట్టుకోవాల మామా?" అని అడిగింది పాప.

"నాకు తెలీదమ్మా" అన్నాను. ఎంత తేలికైన మాట!