చనువైన పిట్ట

డెన్నిస్ పర్కిస్ గారు మెడలో బైనాక్యులర్స్ వేసుకుని పెరటి కిటికీ దగ్గర కూర్చుంటే కొలువు తీరినట్టే. పిట్టల కోసం కొక్కేనికి వేలాడదీసిన గింజల గొట్టం మీద వాలిన ప్రతి పిట్టా ఏ జాతిదో, ఆడో మగో తేల్చందే ఆయన టిఫిను ముట్టరు. భార్య పోయాక ఆ గడపకు వచ్చేపోయేవి పిట్టలే. ఈ చలికాలం గ్రీన్‌ఫించ్ అనే ఒక ఆకుపచ్చ పిట్ట ఆయన్ను చూసినా ఎగిరిపోవడం మానేసింది. ఒకనాడు ఈకలు ఉబ్బించుకుని అరచేతిలోనే కూర్చుంది. ఆ ఘనత ఒక్కరే భరించలేక ఆయన కంచె అవతలి హిల్డాను పిలిచారు.

"చూశావా? ఇన్నేళ్ళకి ఒకటి నన్ను నమ్మింది!"

"నమ్మడమా, నీ మొహం! అది చావబోతోంది డెన్నిస్. గొంతు వాచి మింగలేకపోతోంది, ఎగిరే ఓపిక ఎక్కడిది? ఆ గొట్టం ఎప్పుడైనా కడిగావా? ఒకదాని ఎంగిలి ఇంకోదానికి అంటుకుంటుంది. దించెయ్, మిగతావైనా బతుకుతాయి."

"దించేస్తే ఇక రావుగా?"

"రావు. అందుకే దించమంటున్నా."

పిట్ట చేతిలోనే చల్లబడింది. ఆయన దాన్ని గులాబీ మొక్క కింద పాతి, గొట్టం దించారు. మిగతా పిట్టలు వచ్చి, ఖాళీ కొక్కెం చుట్టూ తిరిగి, ఎగిరిపోయాయి. బతకడానికే పోతున్నాయని తెలిసినా, ఒక్కటైనా వెనక్కి వస్తుందేమోనని పర్కిస్ గారు చీకటిపడేదాకా అక్కడే నిలబడ్డారు.