మా అత్త ఓడను తట్టి చూసిన రోజు

మా ఆయన కొలిమిలో సమ్మెట వేసేవాడు. ఇనుము సంగతి తనకు తెలిసినంతగా పుదుచ్చేరి మొత్తంలో ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. పెళ్లయిన కొత్త కదా, నేనూ నమ్మాను. అప్పుడు యుద్ధం జరుగుతోంది. ఒకరోజు రేవు వంతెనకు ఎదురుగా, సముద్రంలో దూరంగా, ఒక ఫ్రెంచి యుద్ధ ఓడ వచ్చి లంగరు వేసింది. సన్నంగా, పొడుగ్గా, మీద వరసగా పొగగొట్టాలు. దాన్ని డిస్ట్రాయరు అంటారట. అందులో బొగ్గు వేయడానికి మనుషులు కావాలని ఊళ్లోకి కబురొచ్చింది. ఈ మహానుభావుడు ఇంట్లో ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా పోయి పేరిచ్చి వచ్చాడు.

"నాకేం కాదులేవే. దాని ఇనుము మూరెడు మందం ఉంటాది. గుండొచ్చి తగిల్తే గుండే పగలాల" అన్నాడు, అన్నం కలుపుకుంటూ.

"నువ్వు చూసినావా?"

"చూసేదేంది? మందం లేని యుద్ధ ఓడ యాడైనా ఉంటాదా?"

నాకు ఒళ్లు మండింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. పెళ్లి పసుపు ఇంకా ఆరనేలేదు, ఈయన సముద్రం మీదికి పోతానంటాడు! మా అత్త మాత్రం ఏడవలేదు, అరవలేదు. పెనం మీద దోసె తిప్పుతూ, "సరేరా. నువ్వు ఎక్కే ముందు ఆ ఓడను నేనొకసారి చూడాల" అంది.

"నువ్వా? చూసి ఏం చెప్తావమ్మా?"

"పెనం కొనాలంటేనే అంగట్లో ఉండేవన్నీ తట్టి చూస్తాను. నా కొడుకును పెట్టే ఓడను తట్టకుండా పంపిస్తానా?"

మరునాడు పేరిచ్చినవాళ్లను ఓడ దగ్గరికి తీసుకుపోయే పడవలో అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది మా అత్తే. నడుములో అట్లకాడ దోపుకుంది. ఆమె పక్కన నేను, వెనక మా ఆయన. తెడ్డు వేసేవాడు వీరాంపట్టినం మనిషి, నోరు ఊరుకోదు.

"ఏంది పెద్దమ్మా, ఓడలో దోసెలు పోసేదానికి పోతాండావా?"

"నీ నోట్లో పోస్తా. ముందు తెడ్డు వెయ్యి."

ఒడ్డు నుంచి చూస్తే ఆ ఓడ కోటలాగానే ఉంది. దగ్గరికి పోయేసరికి అది కోట కాదని తెలిసింది. లోపలి కమ్ములు ఎక్కడెక్కడున్నాయో బయటికే తెలుస్తున్నాయి. కమ్మికీ కమ్మికీ మధ్య రేకు లోపలికి సొట్టపోయి ఉంది. పస్తులున్న ఆవు డొక్కలు ఎట్లా ఉంటాయో అట్లా ఉంది దాని పక్క.

అత్త పడవలో లేచి నిలబడింది. నేను ఆమె నడుము పట్టుకున్నాను. అట్లకాడ తీసి ఓడను తట్టింది.

టంగుమంది. కొంచెం పక్కన మళ్లీ తట్టింది. అక్కడా టంగుమంది. మా ఇంట్లో ఖాళీ నూనె డబ్బా మోగినట్టే మోగింది.

నేను మా ఆయన మొహం చూశాను. ఇనుముతో బతికే మనిషి, ఆ చప్పుడు మాకంటే ముందు ఆయనకే అర్థమైంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ ఏమని చెప్తాడు? మూరెడు మందమని వీధంతా మీసం తిప్పుతూ చెప్పుకున్నాడాయె. ఆ వీధివాళ్లే సగంమంది ఇప్పుడు పడవలో ఉన్నారు.

పైన ఓడ అంచున ఒక దొర, ఆయన పక్కన దుబాసీ నిలబడి మమ్మల్ని చూసి నవ్వుతున్నారు.

"దుబాసీ అయ్యా, దీని మందమెంత?" అని అరిచింది అత్త.

దుబాసీ దొరను అడిగి చెప్పాడు. "మీ పెనమంతే పెద్దమ్మా. పెద్ద పెద్ద ఓడలకైతే జానెడు ఇనుప కవచం ఉంటాది. దీనికి లేదు. బరువు పెడితే పరుగు పోతాది. పరిగెత్తి తప్పించుకునేదే దీని బతుకు."

"పరిగెత్తించేది ఎవురు?"

"బొగ్గు వేసేవాళ్లే."

మా అత్త గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, కొంప మునిగింది గదయ్యా! వీడా పరిగెత్తించేది? పొద్దు నెత్తికెక్కినా లేవడు. నిలబడుకోనే నిద్రపోతాడు. వీడు బొగ్గేస్తే ఓడ అంగుళం కదలదు. దాంట్లో ఎంతమంది తల్లుల బిడ్డలుండారో ఏమో, దొరకు చెప్పు సామీ!"

నాకు తల తిరిగిపోయింది. తొలికోడి కూయకముందే కొలిమి రాజేసే మనిషిని పట్టుకుని ఇదేం మాట! నోరు తెరవబోయాను. అత్త నా కాలి వేళ్లు తొక్కి పట్టింది. పడవ పడవంతా విరగబడి నవ్వుతోంది.

దొర కిందికి వంగి మా ఆయన భుజాలు చూశాడు. అవి సోమరిపోతు భుజాలు కావని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"ఏమయ్యా, మీ అమ్మ చెప్పేది నిజమేనా?" అని అడిగాడు దుబాసీ.

మా ఆయన ఓడ డొక్కల వంక చూశాడు. తల్లి వంక చూశాడు. తరువాత నోరు తెరిచి, దవడలు పటపటమనేలా, కళ్లలో నీళ్లు తిరిగేలా ఒక ఆవలింత తీశాడు.

దొర పెదవి విరిచి, వద్దు పొమ్మని చెయ్యి ఊపేశాడు. మా ఆయన పేరు కొట్టేశారు.

తిరుగుదారిలో అత్త మీద విరుచుకుపడ్డాను. "ఇంతమంది ముందర మీ కొడుకును సోమరిపోతంటారా అత్తా? రేపటినుంచి మేం తలెత్తుకు తిరగాలా వద్దా?" ఆమె నడుము తడుముకుంది. అప్పుడు చూశాను, అట్లకాడ లేదు. గుండెలు బాదుకునేటప్పుడే సముద్రంలో పడిపోయినట్టుంది. మా ఆయన కూడా అది చూశాడు.

"కొత్తది నేను చేసిస్తాలేమ్మా" అన్నాడు.

సోమరిపోతు అనే పేరు ఆయనకు జన్మంతా అంటుకుంది. వీధిలో పిల్లలు ఆయన వెనకాలే ఆవలిస్తూ నడిచేవాళ్లు. అంత మాటకారి, ఒక్కడినీ ఏమీ అనేవాడు కాదు.

ఓడ దగ్గర్నుంచి వచ్చిన మరునాడు తొలికోడికి ముందే కొలిమి దగ్గరికి పోయి, పొద్దెక్కేసరికి అట్లకాడ చేసి తెచ్చాడు. ఏం మందమనుకున్నారు! ఎత్తడానికే రెండు చేతులు కావాలి. దోసె కిందికి దూరితే కదా, తిప్పడానికి! "అవతల పారేసి సన్నది కొనుక్కుందాం అత్తా" అని ఎంత మొత్తుకున్నా ఆమె వినలేదు. ఆమె బతికున్నన్నాళ్లూ మా ఇంట్లో అందరం చిరిగిన దోసెలే తిన్నాం.