అమ్మమ్మ లేకుండా ముగిసిన నెల

అమ్మమ్మకి సెలవిచ్చారు. అడగకుండానే ఇచ్చారు. ఆ కాగితం చదివి ఆవిడ కుర్చీలోంచి లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. రంగుల కంపెనీ అకౌంట్స్ గదిలో ఆవిడ అలా లేచి కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. థిన్నర్ వాసన కిటికీలోంచి వచ్చి అందరికీ తలనొప్పి తెప్పించే ఆ గదిలో, ఒకసారి కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి తప్ప కదలని మనిషి ఆవిడ.

కాగితంలో ఉన్నది చిన్న సంగతే. అకౌంట్స్‌లో పనిచేసే ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారి వరసగా రెండు వారాలు సెలవు పెట్టాలి. ఆ రెండు వారాలూ ఆఫీసు కంప్యూటర్ ముట్టుకోకూడదు. ఫోన్లో కూడా పని చెప్పకూడదు, అడిగినా చెప్పకూడదు. ఆ సీటు పని ఇంకొకరు చెయ్యాలి. కొత్తగా వచ్చిన ఆడిటర్లు పట్టుబట్టి పెట్టించిన నియమం.

"ఇది దొంగలకి పెట్టే రూలు" అంది అమ్మమ్మ, ఏడుపు ముఖంతో.

"అందరికీ పెట్టారు మేడం" అన్నాడు సన్నాయి.

సన్నాయి అంటే ఆవిడ కింద పనిచేసే అసిస్టెంటు. అసలు పేరు వేరే ఉంది. ముక్కుతో మాట్లాడతాడని అమ్మమ్మే ఆ పేరు పెట్టింది, ఆఫీసు దాన్ని ఖాయం చేసింది. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఇన్నేళ్ళుగా అమ్మమ్మ పక్కన కూర్చుని అతను చేస్తూ వచ్చిన పని ఏమిటంటే, బిల్లులు వరసలో పెట్టడం, వాటికి పిన్ను కొట్టడం, "అలాగే మేడం" అనడం.

"అందరికీ అంటే? ఆఫీసులో అందరూ దొంగలేనా? ఆ ఆడిటరమ్మ పలక మీద అఆలు దిద్దేనాటికే నేనీ సీట్లో ఉన్నాను. నన్ను ఇంట్లో కూచోబెట్టి నా సొరుగులు వెతుకుతుందా?"

"వెతకడానికి కాదేమో మేడం. మీకు జ్వరమొస్తే పని ఆగకుండా..."

"నాకు జ్వరం రాదు" అంది అమ్మమ్మ. ఆ మాట నిజమే. జ్వరానికి కూడా ఆవిడంటే భయం.

ఆవిడ ఆ కంపెనీలో టైపిస్టుగా చేరింది. సాయంత్రం కాలేజీలో కామర్సు చదివి, అకౌంట్స్‌లోకి జరిగి, మెల్లగా ఆ గదికే గోడలా తయారైంది. కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి మంచం మీంచి ఫోన్ చేసి స్టాకు ఎవరు చూస్తున్నారని అడిగింది. ఆ పుట్టిన పిల్ల పెద్దదై, తనూ పిల్లల్ని కని, ఇప్పటికీ ఆ సంగతి దెప్పుతూనే ఉంటుంది.

ఆవిడ అసలు గొప్పంతా నెలాఖరు లెక్కలన్నీ తేల్చే నెల ముగింపులో ఉంది. నెల ముగింపంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంటినిండా చుట్టాలు తిని వెళ్ళాక ఏ గిన్నెలో ఎంత మిగిలింది, ఏ గిన్నె కనబడటం లేదు, ఎవరి డబ్బా మనింట్లో ఉండిపోయింది అని చూసుకోవడం లాంటిదే. కాకపోతే ఇక్కడ గిన్నెలు వందల్లో ఉంటాయి, చుట్టాల్లాంటి కొట్లవాళ్ళు అమ్ముడుపోని రంగు డబ్బాలు వెనక్కి పంపిస్తూనే ఉంటారు. ఎవరు పంపిన డబ్బాని ఏ లెక్కలో వెయ్యాలో, ఏది ముందో, ఏది వెనకో అమ్మమ్మ బుర్రలో మాత్రమే ఉండేది. ఎవరైనా ఎలాగండీ అని అడిగితే "అది చెబితే వచ్చేది కాదు" అనేది, నవ్వుతూ.

ఇప్పుడు ఈ సెలవు కాగితం రావడానికి ఇంతకన్నా పాడు సమయం ఇంకోటి లేదు. ఫైనాన్స్ మేనేజర్ వచ్చే నెల ఇంకో ఊరి బ్రాంచికి వెళ్ళిపోతున్నాడు. ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. అది లోగడ రెండుసార్లు ఖాళీ అయింది, రెండుసార్లూ బయటివాళ్ళు వచ్చి కూర్చున్నారు. అమ్మమ్మకి రిటైర్మెంటు దగ్గరపడింది. ఈసారి రాకపోతే ఇక రాదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ ముఖంలో ఏడుపు పోయి ఇంకేదో వచ్చింది. లైబ్రరీలో పనిచేసి రిటైరై, ఇప్పుడు వంటింటిని ఏలుతున్న తాతయ్య ఆ ముఖం చూసి గరిటె పక్కన పెట్టాడు.

"ఏంటోయ్, ఎవరి కొంప ముంచుతున్నావు?"

"సెలవు పెట్టేశానండీ. నెలాఖరు వారం, ఆ తర్వాతి వారం."

తాతయ్య నోరు తెరిచాడు. "నెలాఖరా? నువ్వా?"

"వాళ్ళేగా పెట్టమన్నది! ఎప్పుడు పెట్టాలో మాత్రం నా ఇష్టమన్నారు. మునగనివ్వండి. నీళ్ళు మెడదాకా వచ్చాక ఫోన్ చేస్తారు. అప్పుడు తెలిసొస్తుంది ఈ మనిషి ఏంటో. ఆ తర్వాత ఆ కుర్చీ ఎవరికిస్తారో నేనూ చూస్తాను."

"ఫోన్లో ఏమీ చెప్పకూడదన్నారని నువ్వే అన్నావుగా?"

"చెప్పను. చెప్పకపోతేనేం, మోగాలి కదా!"

ఆవిడ సెలవు మీద వెళ్ళేముందు ఆఫీసులో సన్నాయి చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "మేడం, వెనక్కొచ్చిన డబ్బాలు ఏ వరసలో వెయ్యాలో కాస్త..."

"రెండు వారాలేగా. వచ్చి నేను చూసుకుంటాలే" అంది అమ్మమ్మ, చాలా తియ్యగా.

సెలవు మొదలైంది. మొదటిరోజు పొద్దున్నే ఫోన్ నిండా ఛార్జి పెట్టుకుంది. మధ్యాహ్నానికి తాతయ్య ఫోన్‌తో తన ఫోన్‌కి తనే చేసుకుని, మోగుతోందో లేదో చూసుకుంది. మోగింది. అయినా సిగ్నల్ మీద అనుమానం తీరక కిటికీ పక్కకి మకాం మార్చింది.

చేతులు ఊరుకోవు కదా, వంటింటి మీద పడింది. డబ్బాలన్నీ తీసి ఎత్తు ప్రకారం పేర్చింది. ఆ సాయంత్రం తాతయ్య కలిపిన టీ ఒక్క గుక్క తాగి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఉప్పు" అన్నాడు తాతయ్య.

"చూసుకోవద్దూ?"

"ఇన్నేళ్ళుగా పంచదార ఎడమవైపే ఉందమ్మా తల్లీ. నా చెయ్యి దానంతటదే వెళ్తుంది. నా సెక్షన్లో నువ్వు వేలు పెట్టకు."

నెలాఖరు వచ్చింది. ఫోన్ మోగలేదు. మర్నాడు మోగింది. అమ్మమ్మ ఒక్క అంగలో అందుకుంది. ఎవరో ఇన్సూరెన్సు అతను. ఎవరూ అంతసేపు వినని తన మాటలన్నీ ఈవిడ విని, ఎదురు ప్రశ్నలు కూడా వేసేసరికి పాపం అతనే కంగారుపడి పెట్టేశాడు.

ఆ సాయంత్రం ఇక ఉండబట్టలేక, దారపు ఉండ కొనాలని చెప్పి బయల్దేరింది. ఇంట్లో దారపు ఉండలు పెట్టెడున్నాయని తాతయ్య అనలేదు. దారాల కొట్టు ఒకవైపుంటే అమ్మమ్మ కాళ్ళు ఇంకోవైపు నడిచాయి.

మామూలుగా నెల మారే ఆ రోజుల్లో అకౌంట్స్ గదిలో దీపాలు ఆరవు. తిండి కూడా గదిలోకే తెప్పించుకుంటారు. ఆవిడ కంపెనీ గేటు ముందు నిలబడి తలెత్తి చూసింది. కిటికీలన్నీ చీకటిగా ఉన్నాయి. కరెంటు పోయిందా? అందరూ చేతులెత్తేసి పారిపోయారా?

"అందరూ ఇంటికెళ్ళిపోయారమ్మా" అన్నాడు వాచ్‌మన్.

"ఇంటికా? నెల ముగింపు కదయ్యా!"

"అయిపోయిందంట కదమ్మా, మధ్యాహ్నమే. సన్నాయిగారు అందరికీ టీలు కూడా తెప్పించారు."

అయిపోవడం అమ్మమ్మకి ఒక దెబ్బ. మధ్యాహ్నమే అయిపోవడం ఇంకో దెబ్బ. సన్నాయి పక్కన ఆ 'గారు' ఉంది చూశారూ, అది అన్నిటికన్నా పెద్ద దెబ్బ. వాచ్‌మన్ స్టూలు జరిపితే దానిమీద కూర్చుంది.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడింది.

"ఏమీ కాలేదండీ" అంది.

"ఏం కాలేదు?"

"కంపెనీకి. నేను లేకపోతే ఏమీ కాలేదు."

ఆటపట్టించడానికి అంతకన్నా మంచి అదను తాతయ్యకి జీవితంలో రాదు. కానీ ఆవిడ ముఖం చూసి నోట్లో ఉన్న మాట మింగేశాడు. చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్ళి, పంచదార వేసిన టీ ఇచ్చాడు. అప్పటికి డబ్బాలన్నీ మళ్ళీ పాతచోట్లకి చేరిపోయాయి. అమ్మమ్మ అది కూడా గమనించలేదు.

సెలవు అయ్యాక ఆఫీసులో అడుగుపెట్టగానే ముందు చేసిన పని, సన్నాయి ముగించిన నెల లెక్కల్ని ఆకలిగా తిరగెయ్యడం. ఒక్క తప్పు దొరికితే చాలు, ప్రాణం లేచొస్తుంది. దొరకలేదు. అటు చూసింది, ఇటు చూసింది. అన్నీ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. చివరికి ఒక్కటి దొరికింది. తను ప్రతినెలా మూడు రంగుల సిరాతో టిక్కులు పెట్టి జనరల్ మేనేజర్ గదికి పంపే పెద్ద పట్టిక అందులో లేదు.

"ఇదెక్కడ?" అంది, కళ్ళు మెరుస్తూ.

"అది ఎవరు చూస్తారో నాకు తెలియలేదు మేడం. అడిగినవాళ్ళకి ఇద్దామని ఆపాను." సన్నాయి తల గోక్కున్నాడు. "ఎవరూ అడగలేదు."

ఆ పట్టిక కోసం ఎన్ని ఆదివారాలు పోయాయో ఆవిడకి తెలుసు.

"మరి వెనక్కొచ్చిన డబ్బాల లెక్క? అది తేలడానికే నాకు రెండు రోజులు పట్టేదే?"

"గోడౌన్ వాళ్ళని ఏరోజుది ఆరోజు పంపమన్నాను మేడం. నెలాఖరుకి మిగిలింది తక్కువే."

"ఇలా చెయ్యొచ్చని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అడుగుదామంటే మీరు లేరు."

"ఈ బుద్ధి ఇన్నాళ్ళూ ఏమైంది? నాకెందుకు చెప్పలేదు?"

సన్నాయి పిన్నుల డబ్బా పక్కకి జరిపాడు. "చెప్పాను మేడం. రెండుమూడుసార్లు. ముందు ఆ పిన్నులు కొట్టు అన్నారు."

సరిగ్గా అప్పుడే జనరల్ మేనేజర్ గదిలోంచి పిలుపొచ్చింది. అమ్మమ్మకి ఇక అనుమానం లేదు. నువ్వు లేకపోయినా నడిచిందమ్మా, ఇక దయచెయ్యి అంటారు. కుర్చీ మాట దేవుడెరుగు, ఉన్న సీటే ఉండేట్టు లేదు. నెలాఖరు వారం కావాలని ఏరికోరి పెట్టుకున్నది తనే. చేజేతులా చేసుకుంది. వరండా నడుస్తున్నంతసేపూ తనని తనే తిట్టుకుంది.

"కూర్చోండి మేడం" అన్నాడు జనరల్ మేనేజర్. "ఫైనాన్స్ మేనేజర్ కుర్చీ సంగతి. మీకిద్దామనుకుంటున్నాం."

అమ్మమ్మ కూర్చోబోతూ ఆగిపోయింది. సగం వంగి అలాగే ఉండిపోయింది.

"నాకా? నేను లేకుండానే నెల ముగిసింది కదండీ?"

"అందుకే కదా!" ఆయన ఆశ్చర్యపోయాడు. "కిందటి రెండుసార్లూ మీ పేరే ముందుంది. మిమ్మల్ని పిలిచి అడిగాను కూడా, మీ సీట్లో ఎవర్ని పెట్టొచ్చు అని. గుర్తుందా?"

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? 'ఈ సీటు పని ఇంకెవరివల్లా కాదు సార్' అంది. రెండుసార్లూ అంది. ఛాతీ విరుచుకుని అంది. ఇంటికొచ్చి తాతయ్యకి అభినయించి మరీ చూపించింది.

"మరి ఎవరివల్లా కానప్పుడు మిమ్మల్ని అక్కణ్ణుంచి ఎలా కదపను మేడం? మీరు కదిలితే నెల ఆగిపోతుంది. అందుకే బయటివాళ్ళని తెచ్చుకున్నాం. ఈసారి ఆ అడ్డం లేదు."

అమ్మమ్మ అప్పటికి పూర్తిగా కూర్చుంది. ఎవరో పైవాళ్ళు తొక్కేశారని, బయటివాళ్ళకి పలుకుబడి ఉందని, టైపిస్టుగా చేరినదానికి అంత పెద్ద కుర్చీ ఇస్తారా అని, ఇన్నేళ్ళూ ఎంతమందిని తిట్టుకుందో! ఆ తలుపు వేసింది తను. గడియ పెట్టింది తను. పెట్టినందుకు మురిసిపోయింది కూడా తనే.

"ఇప్పుడు మళ్ళీ అదే ప్రశ్న" అన్నాడాయన. "మీ సీట్లో ఎవరు?"

అలవాటు కొద్దీ పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మమ్మ దాన్ని గుటకేసింది.

"సన్నాయి" అంది.

"ఎవరూ?"

"అదే సార్, మా సన్నాయి. మొన్న నెల ముగించింది అతనే."

"మీ సెక్షన్ వాళ్ళందరూ కలిసి చేశారనుకున్నాను. ఆయన కొత్తగా చేరారా? నేనెప్పుడూ చూసినట్టు లేదే!"

అంతవరకు తగిలిన దెబ్బలన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. పదకొండేళ్ళుగా ఆ మనిషి ఇదే వరండాకి అటు చివర కూర్చుంటున్నాడు. ఈయనెలా చూస్తాడు? ప్రతి కాగితం తనే పట్టుకొచ్చేది. సన్నాయి పేర్చినవీ, సన్నాయి పిన్ను కొట్టినవీ, సన్నాయి దిద్దినవీ, అన్నీ తన చేతుల్లోనే ఈ గదికి వచ్చాయి.

"ఒక్క నిమిషం సార్" అని అమ్మమ్మ తనే లేచి వెళ్ళింది.

జనరల్ మేనేజర్ గదికి రమ్మనగానే సన్నాయి గబగబా పెన్ను వెతుక్కున్నాడు. "మేడం, ఆ పట్టిక ఇప్పుడే చేసిచ్చేస్తాను. సాయంత్రానికల్లా..."

"పట్టిక లేదు, ఏమీ లేదు. నడు."

"నేను వచ్చి ఏం మాట్లాడతాను మేడం? మీరు చెప్పండి, నేను వెనక నిలబడతాను."

"ముందు నడు" అని అతని వెనక తను నడిచింది. గదిలోకి వెళ్ళాక కుర్చీ చూపించింది. అతను అంచు మీద కూర్చున్నాడు. "నెల ఎలా ముగించావో సార్‌కి చెప్పు."

సన్నాయి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కిటికీ వైపు చూసింది. ఇక తప్పదని అతను మొదలుపెట్టాడు, గోడౌన్ సంగతి, రోజువారీ లెక్క సంగతి. మొదట్లో ముక్కులోంచి గాలి తప్ప మాట బయటికి రాలేదు. కాస్త కుదుటపడ్డాక, నెలాఖరుకి మిగిలిన తెల్లరంగు డబ్బాలెన్నో చెప్పబోయి, నీలంరంగు లెక్క చెప్పేశాడు.

అమ్మమ్మ తన కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెదవులు బిగించింది. ఆ పెదవుల వెనక సరైన అంకె తన్నుకులాడుతోంది.

"కాదు సార్, క్షమించాలి, అది నీలం" అన్నాడు సన్నాయి. సరైన లెక్క చెప్పాడు.

జనరల్ మేనేజర్ ముందుకు వంగి తర్వాతి ప్రశ్న వేశాడు. ఈసారి అమ్మమ్మ వైపు చూడనేలేదు. సన్నాయి కుర్చీలో కొంచెం వెనక్కి జరిగి, ముక్కుతోనే, కానీ గట్టిగా, జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.