ఉగ్గుగిన్నెతో కొలిచిన నూనె

మా ఇంటి వెండిలో చివరికి మిగిలింది ఒక్క ఉగ్గుగిన్నె. మా తాతగారికి, మా నాన్నగారికి, నాకు చంటితనంలో దాంతోనే ఆముదం పట్టారు. చాలా ఏళ్ళుగా నేను దాంతో మోటారుసైకిలుకు నూనె కొలుస్తున్నాను. లీటరు పెట్రోలుకు ఒక గిన్నె. ఆ సంగతి మొన్నటి దాకా నాకు, మా మెకానిక్కుకు తప్ప మూడో మనిషికి తెలియదు. తెలియనివ్వనందువల్ల జరిగినదాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

బండి ఎనభైల్లో కొన్నది. రెండు సిలిండర్లు, రెండు సైలెన్సర్లు, టూ-స్ట్రోకు ఇంజను. అప్పటికి మా రైసుమిల్లు నడుస్తోంది. ద్రాక్షారామం వైపు మా చేలు ఉన్నాయి. బండి ఇంటికి తెచ్చిన రోజు మా నాన్నగారు అరుగు మీద నుంచి లేవకుండానే చూసి, "ఇది పాలిస్తుందా, దున్నుతుందా?" అన్నారు.

"పరిగెడుతుందండి" అన్నాను.

"ఎక్కడికి?"

కాలవ గట్టు మీద పొద్దున్నే బయలుదేరితే ద్రాక్షారామం గుడి గంట వినపడే దాకా వెళ్ళి, ఊరికే తిరిగి వచ్చేవాణ్ణి. మీటరులో ముల్లు సగం దాటే వరకు ఆ బండి పెద్దమనిషిలా నడిచేది. దాటిందా, వెనక నుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టయి, ముందు చక్రం తేలికైపోయేది. వెనక నీలం పొగ, కాలిన నూనె వాసన. ఇంటికొచ్చాక కూడా ఆ వాసన చొక్కాకు ఉండేది. చాకలి ఒకసారి మా అమ్మగారితో, "అబ్బాయిగారి చొక్కాలు వేరే ఉతకాలండి, పక్కబట్టలకి కిరసనాయిలు కంపు అంటుకుంటంది" అని ఫిర్యాదు చేసింది.

తర్వాత మిల్లు పోయింది. చేలు పోయాయి. అరుగున్న ఇల్లూ పోయింది. అవి ఎలా పోయాయో చెప్పుకునే అలవాటు మాకు లేదు. నేను రాజమహేంద్రవరం వచ్చి, ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి, రిటైరయ్యాను. అద్దె ఇంటి మెట్ల కింద బండి ఉండేది. దాని ట్యాంకు మీద రంగు కంపెనీ వేసినదే. దాని మీద ఇంకో పూత పడనివ్వలేదు. ఉన్న నాలుగింట్లో చెక్కు చెదరనిది అదొక్కటే అని నాకు గట్టి నమ్మకం.

నిజానికి చెక్కు చెదిరింది. ఇలాంటి ఇంజనుకు నూనె పెట్రోలుతో పాటే లోపలికి వెళ్ళాలి. అందుకోసం మా బండిలో సీటు కింద వేరే నూనె ట్యాంకు, అందులోంచి కావలసినంత నూనె తోడి ఇంజనుకు అందించే చిన్న పంపు ఉండేవి. బంకులో ఉత్త పెట్రోలు పోయించుకుంటే సరిపోయేది. ఒక ఏడు ఆ పంపు పాడైంది. అలాంటిదే దొరకలేదు. దొరికిన ఒక్కటి నా శక్తికి మించింది. మెకానిక్కు పంపు తీసేసి, ఆ చోట రేకు బిగించాడు. "ఇకనుంచి పెట్రోల్లోనే నూనె కలిపి పొయ్యండి. మర్చిపోయారంటే ఇంజను పట్టేస్తది, వెనక చక్రం బిగుసుకుపోతది, మనిషి ఎగిరి పడతాడు" అన్నాడు. ఎవరికీ చెప్పవద్దన్నాను. అతను చెప్పలేదు. సీటు కింద ట్యాంకులో మాత్రం నూనె నిండుగా ఉంచేవాణ్ణి. అది చూసేవాళ్ళ కోసం.

చూసేవాళ్ళు ఉన్నారు. ఆదివారం పొద్దున్న గోదావరి గట్టు మీద టీ కొట్టు దగ్గర పాత బండ్ల వాళ్ళం ఏడెనిమిది మందిమి కలుస్తాం. అందరివీ ఆ కాలపు బండ్లే. వాళ్ళలో అచ్చం నాలాంటి బండే ఉన్నది ఒక్కరికే. మెయిన్ రోడ్డులో రంగులు, హార్డువేరు కొట్టు నడిపే ఆయన. వాళ్ళ నాన్న మా మిల్లులో కాటా దగ్గర బస్తాలు తూచేవాడు. మా నాన్నగారిని 'బాబుగారు' అనేవాడు. కొడుకు నన్ను 'గురువుగారు' అంటాడు. గట్టు మీద తనకంటే పెద్దవాళ్ళందరినీ ఆయన అలాగే అంటాడు. మొదట్లో అది నాకు గుచ్చుకున్న మాట నిజం.

కొట్టాయన మాటకారి. ఒక ఆదివారం ఎవరో పంపు తీసేసిన బండి ఒకటి అమ్మకానికి తెచ్చారు. ఆయన వంగి చూసి లేచి, "పంపు లేని బండంటే కట్టుడు పళ్ళ పెళ్ళికొడుకండి. నవ్వితే బానే ఉంటాడు, చెరుకు ముక్క ఇచ్చి చూడండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నావైపు తిరిగి, "గురువుగారి బండి చూడండి, అదీ బండంటే. పంపు ఒరిజినలే కదండీ?" అన్నాడు.

"మా బండిలో ఒక్క మేకు మారలేదు" అన్నాను.

అడిగింది పంపు గురించి. నేను చెప్పింది మా ఇంటి గురించి. కానీ అబద్ధం అబద్ధమే.

మా బండ్ల వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. దూరం వెళ్ళినప్పుడు తిరుగు ప్రయాణంలో బండ్లు మార్చుకుంటారు. నేను ఎప్పుడూ మార్చుకోలేదు, ఎవరూ అడగలేదు. మొన్న అన్నవరం వెళ్ళాం. దర్శనమయ్యాక కొండ దిగి, ఆకు పొట్లాల్లో ప్రసాదం తింటూ నిలబడి ఉండగా కొట్టాయన నా దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, ఒకటి అడుగుతాను, కాదనకూడదు. మీ బండి చప్పుడు వినపడితే మా నాన్న కాటా వదిలేసి లేచి నిలబడేవాడు. మీరు మిల్లుకొచ్చినప్పుడల్లా తుడిచేవాడు. ఎక్కింది మాత్రం లేదు. నేను ఒక్కసారి ఎక్కుతానండి. రాజమండ్రి దాకా."

అందరూ వింటున్నారు. నోరు తెరిచి అడిగినవాడికి లేదనడం మా ఇంట్లో లేదు. తాళం చేతిలో పెట్టాను. పెట్టేముందు లెక్క చూసుకున్నాను కూడా. ట్యాంకులో మూడో వంతు ఉంది, అది నేను ఇంట్లో నూనె కలిపి పోసిందే, రాజమహేంద్రవరం చేరడానికి చాలు.

నేను మరిచింది ఒక్కటే. మా వాళ్ళలో ఇంకో మర్యాద ఉంది, ఎరువు తీసుకున్న బండిని ట్యాంకు నింపే తిరిగివ్వాలి. కత్తిపూడి దాటాక బంకులో నా బండి ఆగి ఉండడం దూరం నుంచి చూశాను. ఆయన బండి మీద నేను వెళ్ళేసరికి గొట్టం ట్యాంకులోంచి బయటికి తీస్తున్నారు. మూత దగ్గర పెట్రోలు తొణుకుతోంది. ఉత్త పెట్రోలు. ఒకప్పుడు బంకుల్లో పెట్రోలుతో పాటు నూనె కలిపి పోసే యంత్రం ఉండేది. ఇప్పుడు ఎక్కడా లేదు.

"ఫుల్లు చేయించానండి. మీ బండి మీ ఇంటికి ఖాళీగా రాకూడదు కదా" అన్నాడు.

చుట్టూ మిగతావాళ్ళు ఉన్నారు. 'నూనె కలపాలి' అనడానికి రెండే మాటలు. రోడ్డుకు అటుపక్క స్పేరుపార్టుల కొట్టు కూడా ఉంది, అందులో నూనె డబ్బా దొరికేది. నా నోట వచ్చింది వేరు.

"నెమ్మదిగా వెళ్ళండి" అన్నాను.

"నెమ్మదిగా ఎళ్ళడానికా గురువుగారూ ఈ బండి!" అని నవ్వి కిక్కు కొట్టాడు.

ట్యాంకులో ముందున్న నూనె కొంత ఉంది, పూర్తిగా ఎండిపోదు, నెమ్మదిగా పోతే ఇల్లు చేరవచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను. ప్రత్తిపాడు దాకా అదే చెప్పుకున్నాను. ఆయన వెనకే ఉండి, ఆ చప్పుడే వింటూ వెళ్ళాను. నలభై ఏళ్ళుగా విన్న చప్పుడు అది. జగ్గంపేట దాటాక మారింది. ఇత్తడి చెంబులో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు సన్నగా మొదలైంది. పొగ కూడా పలచబడింది. ఇంజను వేడెక్కిపోయిందని అర్థమైంది.

ఆయన బండి నాదానికంటే బాగుంది. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పక్కకు చేరాను. కుడిచెయ్యి దాని మీదే ఉంది, వదిలితే వెనకబడతాను. ఎడమచెయ్యి ఎత్తి ఆగమని ఊపాను.

పక్కకొచ్చి ఎడమచెయ్యి ఎత్తితే మా వాళ్ళలో దానికి ఒకటే అర్థం. 'పందెం'.

ఆయన నావైపు చూశాడు. హెల్మెట్టు అద్దం వెనక ఆ మొహం వెలిగిపోవడం నాకు కనపడింది. కాటా దగ్గర పనిచేసినాయన కొడుకును నేను పందేనికి పిలిచాననుకున్నాడు. ముందుకు వంగాడు. నా బండి ముల్లు సగం దాటినప్పుడు వేసే కేక వేసింది. నేను "ఆగండి, ఆగండి" అని అరుస్తూనే ఉన్నాను.

గండేపల్లి ముందు ఇంజను పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి, రోడ్డు మీద నల్లటి చార గీసుకుంటూ బండి పక్కకు తిరిగింది. ఆయన గాల్లోకి లేచి అంచున ఉన్న మట్టిలో పడ్డాడు. వెనక లారీ లేకపోవడం సత్యనారాయణస్వామి దయ. అందులో నా పుణ్యం ఏమీ లేదు.

కాలర్ బోను, మణికట్టు విరిగాయి. ఆసుపత్రిలో కట్లు కట్టాక నేను లోపలికి వెళితే, ఆయన మొదట అడిగింది బండి గురించే.

"పాడుచేసేశాను గురువుగారూ. అంత లాగకుండా ఉండాల్సింది. ఏదో మీరు చెయ్యెత్తేసరికి..."

పక్కనే ఆయన భార్య నిలబడి ఉంది. "ఎందుకండీ పెద్దోళ్ళ బండి మనకి? మనకి లేదా బండి?" అని ఆయన్నే మందలించింది. తలుపు దగ్గర మా వాళ్ళు, "పాత ఇంజనండీ, అంత స్పీడుకి తట్టుకుంటదా" అన్నారు. తప్పంతా మంచం మీదున్న మనిషి మీదికి వెళ్ళిపోయింది. ఎవరూ తోయలేదు, దానంతటదే వెళ్ళింది. నేను తల ఊపాను. ఆ ఊపడం ఇప్పటికీ మెడలో నొప్పిలా ఉంది.

నాలుగు రోజులకు మెకానిక్కు ఇంజను విప్పాడు. పిస్టన్లు రెండూ గోళ్ళతో రక్కినట్టు నిలువునా గీసుకుపోయి ఉన్నాయి. వాటిని గుడ్డలో పెట్టి నా ముందు ఉంచాడు.

"ఉత్త పెట్రోలు ఎవరు పోశారండి?"

చెప్పాను.

"మీరక్కడే ఉన్నారా?"

"ఉన్నాను."

అతను చేతులు తుడుచుకున్నాడు. "రేకు సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు, నేను మా ఇంట్లో కూడా చెప్పలేదు. కానీ బండెక్కేవాడికి చెప్పాలి కదండీ" అన్నాడు. తర్వాత, "నిన్న ఆయన ఆసుపత్రి నుంచే ఫోను చేశాడు. ఒరిజినల్ పిస్టన్లు ఎక్కడున్నా తెప్పిస్తాడంట. బాబుగారి బండి మళ్ళీ అలాగే ఉండాలి, ఒక్క మేకు మారకూడదు అంటన్నాడు" అన్నాడు.

నా మాటే తిరిగి నా దగ్గరికి వచ్చింది.

ఆ సాయంత్రం ఉగ్గుగిన్నె కండువాలో చుట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. చెయ్యి మెడకు వేలాడేసుకుని కుర్చీలో ఉన్నాడు. లేవబోయాడు. వద్దన్నాను. గిన్నె తీసి బల్ల మీద పెట్టాను.

"ఏంటండీ ఇది?"

"మా బండి పంపు" అన్నాను. "అసలు పంపు ఎప్పుడో పోయింది. దీంతో కొలిచి నూనె కలుపుతాను. బంకు దగ్గర మీరు ఉత్త పెట్రోలు పోయించడం చూశాను. చెప్పలేదు."

ఆయన గిన్నెను ఎడమచేత్తో ఎత్తి వాసన చూశాడు. ఎంత తోమినా పోని కాలిన వాసన దానికి ఉంది.

"మరి చెయ్యెత్తింది?"

"ఆగమని."

"నేను పందెం అనుకున్నానండి" అన్నాడు. గిన్నెను మళ్ళీ బల్ల మీద పెట్టి, "మీరు నన్ను పందేనికి పిలిచారనుకున్నాను" అన్నాడు. రెండోసారి ఆ మాటలో కోపం కంటే ఇంకేదో ఎక్కువ ఉంది. కోపమే అయితే నాకు తేలికగా ఉండేది.

లోపలి గది తలుపు దగ్గర ఆయన భార్య ఇదంతా విన్నది. మంచినీళ్ళు తేవడానికి వెళ్ళిన మనిషి గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"మా నాన్న ఉంటే మీకే ధైర్యం చెప్పేవాడండి. పోన్లెండి బాబుగారూ అనేవాడు" అన్నాడాయన. "నేను అనలేను."

"అనమని రాలేదు" అన్నాను.

ఆదివారం గట్టు మీదికి వెళ్ళి, టీ గ్లాసు పట్టుకోకుండా నిలబడి అందరికీ చెప్పాను. కట్టుడు పళ్ళ మాట ఎవరైనా ఎత్తుతారని, ఎత్తాలని కూడా చూశాను. ఎవరూ ఎత్తలేదు. ఒకాయన గ్లాసులో మిగిలిన టీ నేల మీద పోసి బండెక్కాడు. ఆయన వెనక మిగతావాళ్ళు.

పిస్టన్లు వచ్చాయి. కొట్టాయన చెప్పిన మాట ప్రకారం తెప్పించాడు, నేను కాదన్నా వినలేదు. బండి మళ్ళీ నడుస్తోంది. అది మొదటిసారి పలికిన రోజున నేను ఆయన కొట్టుకు వెళ్ళి, చిన్న డబ్బాలో ఎనామిల్ రంగు, సన్న కుంచె అడిగాను.

"ఏ రంగు?" అన్నాడు. గురువుగారు అనలేదు.

"తెలుపు. నల్ల ట్యాంకు మీద దూరానికి కనపడాలి."

డబ్బా మూత ఒంటిచేత్తో గట్టిగా నొక్కి చూసి ఇచ్చాడు. ఇంటికి వచ్చి మెట్ల కింద కూర్చుని, ఇన్నేళ్ళు ఇంకో పూత పడనివ్వని ఆ రంగు మీద, మూత పక్కనే రాశాను: 'పెట్రోలులో నూనె కలపాలి.' అక్షరాలు వంకరగా వచ్చాయి. తుడవలేదు.