బంతి ఉంచుకోవద్దన్న ఉస్తాద్

మొన్న శుక్రవారం, జుమ్మా నాడు పొద్దున మా ఉస్తాద్ పోయారు. కబురు తెచ్చిన ఆయన మనుమడు గుమ్మంలోనే నిలబడి, "తాతా, మీకే ముందుగాల చెప్పమన్నది మా దాదీ" అన్నాడు. చెప్పులు వేసుకుని వెంట నడిచాను.

ఉస్తాద్ అంటే కుస్తీ నేర్పినవారేమో అనుకునేరు. మాకు ఫుట్‌బాల్ నేర్పారు. కుట్టుపని కోసం పట్నం పోయి, ఆట కూడా నేర్చుకుని వచ్చిన మనిషి. నార్కట్‌పల్లి దగ్గర మా ఊళ్లో, జొన్న కోసిన చేలో వట్టికాళ్లతో ఆడేవాళ్లం. ఆయన నడుమ ఉండేవారు. వెనక నుంచి వచ్చిన బంతిని ఆపి, తల ఎత్తి చూసి, ముందున్నవాడి కాలికి అందించేవారు. గోలు ఎవరు కొట్టారన్నది ఆయనకు పట్టేది కాదు. మాలో ఎవరైనా బంతిని వదలకుండా ఉరికితే మాత్రం కేకేసేవారు. "ఉంచుకోకు బిడ్డా, ఇయ్యి."

ఆ రోజుల్లో తోలు బంతికి తాడు ముడి ఉండేది. తలతో కొడితే నొసలు చీరేది. ఆటకు ముందు ఉస్తాద్ దబ్బనంతో ఆ ముడిని లోపలికి తోసి, తన నొసటికి ఆనించి చూసుకున్నాకే మాకిచ్చేవారు.

రజాకార్లు తిరిగే కాలంలో ఇద్దరు చేలోకే వచ్చి, తమతో కలవమన్నారు.

"జుమ్మా నాడు మ్యాచున్నది. నేను లేకుంటే వీళ్లు ఓడుతరు" అన్నారు ఉస్తాద్.

మేం నవ్వాం. వాళ్లు నవ్వలేదు.

ఆ ఏడే పట్నంలోని పెద్ద జట్టు ఆయన్ను రమ్మని పిలిచింది. దసరా అయ్యాక పోవాలి. అంతలో పోలీస్ యాక్షన్ అయింది. ఎక్కడివాళ్లో కొందరు మా ఊరి మీదుగా పోతూ ఆయన టోపీ ఒక్కటే చూశారు. కుడి మోకాలు విరగ్గొట్టారు.

మంచం మీద పడుకోబెట్టి, జట్టంతా భుజాలు మార్చుకుంటూ నల్లగొండ దవాఖానకు మోశాం. నేను భుజం మార్చలేదు. ఆయన పళ్లు బిగించి, "ఉంచుకుంటవేందిరా, ఎనకోనికియ్యి" అన్నారు. ఏడుస్తూనే నవ్వాం. ఇచ్చాను.

ఎముక అతికింది గానీ మోకాలు మళ్లీ వంగలేదు. పట్నం పోలేదు. మా ముఖాలు కూడా చూడరేమో అనుకున్నాం. ఎండాకాలం రాగానే కర్ర పట్టుకుని చేను నడుమకు వచ్చి నిలబడ్డారు. జేబులోంచి దబ్బనం తీసి, "బంతి తేండ్రి" అన్నారు. మా తర్వాత మా కొడుకులూ ఆ కర్ర చుట్టూనే ఆట నేర్చుకున్నారు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "కొట్టినోళ్ల మీద కోపం లేదా ఉస్తాద్?"

దబ్బనంలోకి తాడు ఎక్కిస్తూ చెప్పారు. "ఎందుకుండదు? పండుకుంటే వస్తది. పొద్దుగాల మీరు బంతి తెస్తరు గదా."

ఆయన్ను పడుకోబెట్టిన జనాజా లేచింది. వాళ్ల ఆచారంలో ఎవరూ చివరిదాకా మోయరు. కొన్ని అడుగులు వేసి పక్కవారికి అందిస్తారు. మా జట్టులో మిగిలిన ముసలివాళ్లం అందరం వచ్చాం. నా వంతు వచ్చింది.

కొంచెం దూరం పోయాక మనుమడు నా చెయ్యి తాకాడు. "తాతా, ఇగ నాకియ్యి."

మంచం మీది నుంచి ఆనాడు ఆయన చెబితే ఇచ్చాను. ఈసారి ఆయన ఏమీ అనలేదు.

ఖబ్రస్తాన్ బాట ఆ చేను పక్కనుంచే. ఆడుకుంటున్న పిల్లలు బంతి ఆపి నిలబడ్డారు. చేను దాటేదాకా జనాజా కట్టె నా భుజం మీదనే ఉన్నది.